మూడో శనివారం, మూడో తూటా

మా ఇంటి ఓనరుతో నేను మాట్లాడిన మొదటి మాట, "మీరు జీరో ఎర్రర్ చూసుకున్నారా?" అని. హలో లేదు, గుడ్ మార్నింగ్ లేదు.

అప్పటికి నేనూ, గుంటూరు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయీ కెనడాలోని వాటర్లూలో ఆయన బేస్‌మెంట్‌లోకి అద్దెకు దిగి మూడు వారాలు. ఇల్లు మాట్లాడింది ఆ అమ్మాయే. ఆ రోజు బట్టలు ఆరబెట్టే మెషిన్ తిరగడం లేదని చెబుదామని విసురుగా గ్యారేజీలోకి వెళ్లాను. ఆయన డెబ్బై దాటిన మనిషి. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఫ్యాక్టరీలో టూల్‌మేకర్‌గా, అంటే యంత్రాలకు కావలసిన అచ్చులూ పనిముట్లూ వెంట్రుకవాసి తేడా రాకుండా చేసే పనిలో, నలభై ఏళ్లు ఉండి రిటైరయ్యారు. నేను వెళ్లేసరికి పొడవాటి బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, వేలెడంత ఇత్తడి గొట్టాన్ని కాలిపర్స్ దవడల మధ్య పెట్టి కొలుస్తున్నారు.

ఇండియాలో నేను ఆరేళ్లు కరీంనగర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేశాను. ఏటా వందలమంది పిల్లలకు అదే మాట చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. కొలిచే ముందు దవడలు మూసి చూడండి, సున్నా సున్నా దగ్గరే ఉందో లేదో చూడండి అని. ఎవరైనా అది చూడకుండా కొలుస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు, అది నిజమే. అందుకే మెషిన్ సంగతి మరిచిపోయి ఆ మాట అనేశాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. తరవాత కాలిపర్స్ దవడలు మూశారు. ముల్లు సున్నా మీద లేదు, ఒక గీతలో సగం పక్కకు జరిగి ఉంది. ఆయన ముల్లును సరిచేసి, అప్పటిదాకా కొలిచి పక్కన పెట్టిన గొట్టాలన్నిటినీ మళ్లీ ముందుకు లాక్కుని, మొదటి దాని నుంచి కొలవడం మొదలుపెట్టారు. నలభై ఉంటాయి. నేను అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయాను. అంతా అయ్యాక నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పు, ఏం కావాలి?" అన్నారు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషులోనే, నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

ఆ ఏడాది ఇక్కడి మా కాలేజీలో ఎటు చూసినా మనవాళ్లే. క్లాసులో తుమ్మితే "చిరంజీవ" అనేవాళ్లు నలుగురు ఉండేవాళ్లు. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. నాకు ముప్పై ఒకటి. కొందరు అక్కా అనేవాళ్లు, ఇద్దరు ముగ్గురైతే ఆంటీ అని కూడా పిలిచి నా చేత తిట్లు తిన్నారు. నేను చేరింది క్వాలిటీ మేనేజ్‌మెంట్ కోర్సులో. అంతకు ముందు నాలుగు నెలలు బ్రాంప్టన్‌లో ఆరుగురం ఒకే బేస్‌మెంట్‌లో ఉండి, వేర్‌హౌస్‌లో పెట్టెలు మోశాను. ఆరేళ్లు స్క్రూ గేజీలు పట్టుకున్న చేతులకు పెట్టెలు అతికించే టేపు గన్ను తప్ప ఏదీ దొరకలేదు. కాబట్టి ఆ గ్యారేజీ బల్ల మీద వరసగా పేర్చిన కాలిపర్స్, మైక్రోమీటర్లు, చిన్న త్రాసు చూసినప్పుడు నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది.

ఆ గొట్టాలు తూటాల గుల్లలు. పెద్దాయన తన రైఫిల్‌కి తూటాలు తానే తయారు చేసుకుంటారు. ఒకసారి కాల్చిన ఇత్తడి గుల్లను పారేయకుండా శుభ్రం చేసి, సాగినచోట మళ్లీ సరైన కొలతకు తెచ్చి, అడుగున కొత్త క్యాప్ బిగించి, లోపల తుపాకీ మందు పోసి, పైన సీసపు గుండు కూర్చుతారు. నాకు తుపాకులంటే సినిమాల్లో చూసినంతే తెలుసు. కానీ ఈ పని చూస్తే తుపాకీ గుర్తురాలేదు. త్రాసు పళ్లెంలో మందు రేకులు ఒక్కొక్కటే రాలుతుంటే, మొద్దుబారిన ఆ పెద్ద వేళ్లతో మందు రాల్చే చిన్న గొట్టాన్ని తిప్పుతూ, ముల్లు గీత మీదికి వచ్చేదాకా ఆయన ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. ఒక్క రేకు ఎక్కువైతే మొత్తం తిరిగి డబ్బాలో పోసి మళ్లీ మొదలు. మా కరీంనగర్ కాలేజీలో ఇలాంటి త్రాసు ఒకటి అద్దాల పెట్టెలో ఉండేది. పాడైపోతుందని దానికి తాళం వేసి, పిల్లలకు చూపించడం తప్ప ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు. దాన్ని రోజూ వాడే మనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

తనను పేరు పెట్టి పిలవమన్నారు. నాకు నోరు రాలేదు. చివరికి అంకుల్ దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. సెప్టెంబరు వచ్చేసరికి కాలేజీ లేని మధ్యాహ్నాలన్నీ గ్యారేజీలోనే గడిచేవి. ఆయన తయారు చేసేవారు, నేను కొలిచేదాన్ని. గుల్లలను బరువు ప్రకారం వేరు చేయడం, తయారైన ప్రతి తూటా పొడవు చూడడం, అంగుళంలో వెయ్యో వంతు తేడా వచ్చినా పక్కన పెట్టడం నా పని. మందు మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ బాధ్యత ఎవరికీ ఇవ్వను అన్నారు. మా గుంటూరు పిల్ల గుండెలు బాదుకుంది.

"అక్కా, నీకేమన్నా పిచ్చా? తుపాకులేంటి, మందుగుండేంటి? రేపు ఇక్కడే ఉండిపోడానికి పీఆర్‌కి అప్లై చేసేటప్పుడు ఏమన్నా తేడా కొడితే?"

"తుపాకి నేను ముడ్తలేనే. కొలుస్తున్న గంతే."

"కొలిచేదానికి ఇంకేం దొరకలేదా ఈ దేశంలో?"

నిజంగానే దొరకలేదు.

మొదటిసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్లిన రోజు బాగా గుర్తుంది. ఊరికి ముప్పావుగంట దూరంలో, పాత కంకర క్వారీ. చుట్టూ మట్టి గట్లు, వాటి వెనక ఎర్రబడుతున్న మేపుల్ చెట్లు. పొడవాటి షెడ్డు కింద వరసగా బల్లలు. టోపీలు పెట్టుకున్న ముసలి మగవాళ్లే ఎక్కువ. రేంజ్ ఆఫీసరు మాత్రం ఒకావిడ. ఆవిడ ఈల వేస్తే అందరూ రైఫిళ్లు ఖాళీ చేసి, తెరిచి, బల్ల మీద పెట్టి, పసుపు గీత వెనక్కి వచ్చి నిలబడాలి. అప్పుడే ఎవరైనా టార్గెట్ల దగ్గరికి నడవాలి. ఆవిడ నన్ను చూసి ఆయన కోడలా అని అడిగితే, "కాదు, మా ఇన్‌స్పెక్టర్" అన్నారు పెద్దాయన. ఆవిడ నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, చెవులకు చప్పుడు ఆపే పెద్ద మఫ్‌లు ఇచ్చారు.

ఆ రోజు పరీక్ష తూటాలకు, మనిషికి కాదు. మందు ఐదు రకాలుగా తూచి ఐదు పెట్టెలు తయారుచేశారు. తెచ్చేముందు ఆ పెట్టెల మీద పేర్లు తీసేసి అక్షరాలు రాయమని నాకే అప్పగించారు. ఏ అక్షరం ఏ పెట్టో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నచ్చిన పెట్టె అని తెలిస్తే చెయ్యి దానితోనే బాగా కాలుస్తుందట. ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, బల్లకు ఒదిగి కూర్చుని, ఒక తూటా కాల్చి, తుపాకీ గొట్టం చల్లారేదాకా పది నిమిషాలు ఆగేవారు. మళ్లీ ఒకటి. పక్క బల్లల వాళ్లు గంటలో వంద కాల్చేస్తుంటే ఈయన ఐదు కాల్చారు.

దుర్బిణిలోంచి చూసి చెప్పమన్నారు. వంద మీటర్ల దూరంలో కాగితం. నల్లటి చుక్క అంచున ఒకే ఒక్క రంధ్రం కనబడింది. మిగతా నాలుగూ అసలు కాగితానికే తగల్లేదని నా మనసు చివుక్కుమంది. ఆయనకు ఎలా చెప్పాలో తెలియక, దగ్గరికి వెళ్లి చూస్తానన్నాను. ఈల అయ్యాక అంత దూరం నడిచి వెళ్లాను. ఆ రంధ్రం గుండ్రంగా లేదు. అంచులు పువ్వు రేకుల్లా విచ్చుకుని ఉంది. కాలిపర్స్ పెట్టి, ఒక అంచూ ఇంకో అంచూ కొలిచి, తీసి, మళ్లీ కొలిచి, అప్పుడు నాకు అర్థమైంది. ఐదూ అక్కడే ఉన్నాయి. ఒకదాని దారిలో ఇంకొకటి వెళ్లింది. రూపాయి బిళ్ల పెడితే ఐదూ దాని కింద దాగిపోతాయి.

ఆ గట్టు దగ్గర, ఆ చలిగాలిలో, కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వేర్‌హౌస్‌లో నేను అతికించిన వేల పెట్టెలు గుర్తొచ్చాయి, ఒక్కటీ సరిగ్గా ఇంకోదానిలా ఉండేది కాదు. ఇక్కడ ఒక మనిషి వంటింటంత గ్యారేజీలో రేకు రేకుగా తూచింది వంద మీటర్లు ప్రయాణం చేసి కూడా అలాగే ఉంది. ఆరేళ్లు నేను పిల్లలకు కొలత గురించి పాఠం చెప్పాను కానీ, కొలత అంటే ఏమిటో కళ్లతో చూసింది అప్పుడే. వెనక్కి నడిచి వచ్చేటప్పటికి నా కళ్లలో నీళ్లు, చలి వల్ల అని చెప్పాను.

ఆ కాగితాన్ని ఆయన చూడలేదు. ఐదు పెట్టెలూ అయ్యాకే చూస్తాను అన్నారు. రెండు వారాలకు ఐదు పెట్టెలూ అయ్యాయి. కాగితాలు బల్ల మీద పరిచాను. మూడో అక్షరం పెట్టె గెలిచింది. ఆయన దాని అసలు పేరు అడిగి, తల ఊపి, ఆ రకం తూటాలు ముప్పై తయారు చేశారు.

అసలు పరీక్ష ఆ తరవాతది. ఒక మధ్యాహ్నం మందు తూస్తూ తూస్తూ ఆపి, కిందటి నవంబరు సంగతి చెప్పారు. ఆయన ఏటా ఉత్తరాన ఒక స్నేహితుడి అడవి క్యాబిన్‌కి జింక వేటకు వెళతారు. యాభై ఏళ్లుగా వెళుతున్నారు. ఏడాదికి ఒక జింక, చలికాలమంతా అదే మాంసం. కిందటేడు ట్రిగ్గరు నొక్కే క్షణంలో వేలు అదిరింది. తూటా జింక పొట్టలో వెనగ్గా తగిలింది. అది పారిపోయింది. రెండు రోజులు మంచులో రక్తపు చుక్కలు వెతుక్కుంటూ దాని వెనక నడిచారు. రెండో రోజు సాయంత్రం కొత్త మంచు కురిసి చుక్కలు కప్పేసింది. జింక దొరకలేదు.

"ఎక్కడో పడుకుని చచ్చిపోయి ఉంటుంది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు," అన్నారు. త్రాసు వైపే చూస్తున్నారు. ఆయన చూపుడు వేలు అప్పుడప్పుడు అదరడం నేను ముందే గమనించాను. టీ కప్పు పట్టుకున్నప్పుడు తెలిసేది.

అందుకని తనకు తానే ఒక లెక్క పెట్టుకున్నారు. నాలుగు శనివారాలు, వారానికి ఐదు, మొత్తం ఇరవై తూటాలు. బల్ల లేదు, ఇసుక సంచులు లేవు. అడవిలో కూర్చున్నట్టే చిన్న స్టూలు మీద కూర్చుని, ఒక కర్ర మీద రైఫిల్ ఆనించి కాల్చాలి. ఇరవైలో ఒక్కటి కూడా నడిమధ్య నుంచి రెండంగుళాలు దాటకూడదు. దాటితే వేట మానేయాలి. ఈ ఏడాదికే కాదు, ఎప్పటికీ.

"నేను కాలుస్తాను. నువ్వు కొలిచి పుస్తకంలో రాయి. నాలుగు వారాలు అయ్యేదాకా నాకు చెప్పకు, కాగితం చూపించకు," అన్నారు.

"ఎందుకు అంకుల్? మీరే చూసుకోవచ్చు కదా?"

"చూస్తే సాకులు వెతుక్కుంటాను. నలభై ఏళ్లు నా పనిని ఇంకొకళ్లు కొలిచారు. నా పనిని నేనే కొలిచి పాస్ చేసుకోవడం నాకు అలవాటు లేదు."

మొదటి రెండు శనివారాలూ పదికి పది లోపలే పడ్డాయి. రేంజ్‌లో నేను చిన్న నోట్‌బుక్కులో పెన్సిలుతో రాసుకునేదాన్ని. ఇంటికొచ్చాక ఆయన నల్ల అట్ట పుస్తకంలో ఇంకుతో ఎక్కించేదాన్ని. అది మనకు అలవాటే కదా, రఫ్ రికార్డూ, ఫెయిర్ రికార్డూ.

మూడో శనివారం మూడో తూటా కాల్చే క్షణంలోనే పక్క బల్ల మీద ఒకతను ఏదో పెద్ద రైఫిల్ పేల్చాడు. మఫ్‌లు ఉన్నా నేను ఉలిక్కిపడ్డాను. ఈల అయ్యాక వెళ్లి చూస్తే నాలుగు నల్ల చుక్కలో ఉన్నాయి. ఒకటి కింద, కుడివైపు, తెల్ల కాగితం మీద ఒంటరిగా ఉంది. స్కేలు పెట్టాను. మూడుంపావు అంగుళాలు. మళ్లీ పెట్టాను. మళ్లీ మూడుంపావే. మూడోసారి పెట్టినప్పుడు వెనక్కి తిరిగి చూశాను. అంత దూరాన ఆయన తల వంచుకుని, పొరపాటున కూడా ఇటు చూడకుండా, కళ్లజోడు తుడుచుకుంటున్నారు. నోట్‌బుక్కులో 3.25 అని రాశాను. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి, ఫెయిర్ పుస్తకం తెరిచి, అక్కడ 1.75 అని రాశాను.

ఎందుకు రాశానంటే, నా చేతికి అది వచ్చు. మా ల్యాబులో లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం తొమ్మిది వందల ఎనభై రావాలి. వెయ్యిన్నూట ముప్పై వచ్చిందని ఏ పిల్లో బిక్కమొహం వేసుకుని వస్తే, "మళ్లోసారి చూసుకో అమ్మా" అనేదాన్ని. దాని అర్థం మళ్లీ చేయమని కాదు. జవాబు ముందు పెట్టుకుని రీడింగులు దానికి తగ్గట్టు రాసుకొమ్మని. ఆ అర్థం ఆ పిల్లకు తెలుసు, నాకు తెలుసు, పరీక్షకు వచ్చే ఎక్స్‌టర్నల్‌కి కూడా తెలుసు. సున్నా సరిగ్గా ఉందా అని అంత కోపంగా అడిగే నేను, ఆరేళ్లు ఈ పని నేర్పించాను. రెంటికీ పొసగదని ఒక్కసారి కూడా తోచలేదు.

బేస్‌మెంట్‌లో గుంటూరు పిల్లతో చెప్పాను. అది నూడుల్స్ తింటూ చాలా తేలిగ్గా తీసేసింది.

"దాందేముందక్కా, ఒక్క రీడింగే కదా. పక్కనోడు పేలిస్తే ఎవరైనా అదురుతారు. పాపం ముసలాయన, ఆ ఒక్క సరదా కూడా లేకుండా చేస్తావా ఏంటి?"

"నేను గూడ గదే అనుకున్న," అన్నాను.

నాలుగో శనివారం ఆయన కాల్చిన ఐదూ అన్నిటికన్నా దగ్గరగా పడ్డాయి. ఆ మధ్యాహ్నం నల్ల పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్క అంకె కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివారు. ఆయన వేలు 1.75 మీదుగా మిగతా వాటి మీదుగా వెళ్లినట్టే వెళ్లిపోయింది. నేను మందు డబ్బా మీది ఎర్ర అక్షరాలు చదువుతూ నిలబడ్డాను. ఇరవయ్యోది చదివాక కళ్లజోడు తీసి పుస్తకం మూశారు. తరవాత, "ఇంకో ఏడాది ఉందన్నమాట," అన్నారు. అంత పెద్ద మనిషి మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. అప్పటికప్పుడు ఉత్తరాన ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పారు. నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పడం దేనికి, నిజంగానే సంతోషం వేసింది.

పది రోజుల తరవాత, బయల్దేరడానికి ముందు రోజు ఉదయం, గ్యారేజీలో సామాను సర్దుతూ నన్ను పిలిచారు. జాబితా నేను చదవాలి, ఆయన సంచిలో పెట్టాలి. నారింజ రంగు కోటు. ఊలు సాక్సులు. కత్తి. తూటాలు పది. ఆఖర్న రిబ్బన్ అని ఉంది. షెల్ఫు మీద నుంచి మెరిసే గులాబీ రంగు ప్లాస్టిక్ రిబ్బన్ చుట్ట ఒకటి తీశారు. అదేమిటని అడిగాను.

"తూటా సరైనచోట తగలకపోతే దీంతో పని," అన్నారు. "రక్తపు చుక్క కనబడిన ప్రతిచోటా ఒక ముక్క కొమ్మకు కడతాం. వెనక్కి చూస్తే జింక ఎటు వెళ్లిందో ఆ ముక్కలు చెబుతాయి. కిందటేడు చుట్ట మొత్తం అయిపోయింది. ఇది కొత్తది."

చేతిలో దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి, మళ్లీ షెల్ఫు మీద పెట్టేశారు.

"ఈసారి అక్కర్లేదులే. ఇరవైకి ఇరవై."

గులాబీ రంగు ముక్కలు కట్టిన కొమ్మలు, ఒకదాని తరవాత ఒకటి, రెండు రోజుల దూరం కళ్ల ముందు కనబడ్డాయి. నేను పుస్తకంలో రాసిన ఆ ఒక్క అంకె పట్టుకుని ఈయన రేపు అడవిలోకి వెళుతున్నారు. అక్కడ పరీక్ష కాగితానికి కాదు. ప్రాణమున్న జంతువుకు.

"అంకుల్, ఒకటి తప్పు రాశాను," అన్నాను.

సంచి జిప్పు లాగుతున్న చెయ్యి ఆగింది. "ఏది?"

"మూడో శనివారం. మూడోది. మూడుంపావు. నేను ఒకటీ ముప్పావు అని రాశాను. పొరపాటున కాదు, కావాలనే రాశాను."

ఆయన నా వైపు చూడలేదు. సంచి వైపే చూస్తూ నిలబడ్డారు. తిట్టినా బాగుండేది. నేను ఆగలేక వరసగా చెప్పుకుపోయాను. పక్కనతను పెద్ద రైఫిల్ పేల్చాడని, నేనే ఉలిక్కిపడ్డానని, అది మీ చెయ్యి తప్పు కాదని, మిగతా పంతొమ్మిదీ ఎంత బాగా పడ్డాయో అని.

"అడవిలో కొమ్మ విరిగితే చప్పుడు రాదా?" అని మాత్రం అడిగారు.

నల్ల పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, నా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టేయమన్నారు. అది కనబడుతూనే ఉండాలి, చెరపకూడదు. పక్కన సరైనది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టమన్నారు. రాశాక బయటికి చదవమన్నారు. చదివాను. తల ఊపి, ఫోన్ తీశారు.

"రేపు రావడం లేదు," అన్నారు స్నేహితుడితో. అవతల ఏదో అడిగినట్టున్నాడు. "లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఒకటి దాటింది. రైఫిల్ నీ మనవడికి కావాలంటే వచ్చి తీసుకెళ్లమను." అంతే. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. యాభై ఏళ్ల అలవాటు. పక్కనతని పేరెత్తలేదు, నా పేరూ ఎత్తలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. కోటు జేబులోంచి ఆ రోజు మడిచి పెట్టుకున్న టార్గెట్ కాగితం తీశాను. పారేద్దామని అన్ని రోజులూ అనుకుని, పారేయలేకపోయాను. మడతలు విప్పి ఆయన ముందుకు చాపాను.

"ఒక్కసారి మీరే కొలిచి చూడండి అంకుల్. ఒకసారి అబద్ధం రాసినదాన్ని, ఇప్పుడు మాత్రం నా మాట ఎలా నమ్ముతారు? నేను కొలవడంలో కూడా తప్పు చేశానేమో. స్కేలు జరిగిందేమో. చూడండి."

"ఎన్నిసార్లు కొలిచావు?"

"మూడుసార్లు."

"అయితే అది మూడుంపావే," అన్నారు.

సంచి జిప్పు వెనక్కి లాగి, తూటాల పెట్టె బయటికి తీసి బల్ల మీద పెట్టారు. తరవాత సాక్సులు, తరవాత కోటు. నా చేతిలో కాగితం అలాగే ఉంది. ఆయన దాని వైపు చూడలేదు.